పాఠకుల ప్రశ్నలు – జవాబులు: థియేటరు తొక్కని సూపర్‌హీరో సినిమాల జమాఖర్చులు

థియేటర్లకు రాకుండా నేరుగా డీవీడీ, బ్లూ-రే డిస్కుల రూపంలో విడుదలయ్యే అమెరికన్ సూపర్‌హీరో యానిమేషన్ చిత్రాల ఆర్థిక వ్యవహారాలపై వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ప్రశ్నలను కలిపివేశాం.

ప్రశ్న: డీసీ కామిక్స్ పాత్రలతో వార్నర్ బ్రదర్స్ తీసే డైరెక్ట్-టు-వీడియో చిత్రానికి సుమారు 35 లక్షల డాలర్లు ఖర్చవుతుందని చదివాను. థియేటర్లలో ఆడే యానిమేషన్ సినిమాలకేమో కోట్ల డాలర్లు పెడతారు. ఇంత తేడా ఎందుకు? నాసిరకంగా చుట్టేయడమే కారణమా?

జవాబు: తేడా ఎంతో మొదట లెక్క కట్టి చూద్దాం. 2016లో వచ్చిన ‘బ్యాట్‌మన్: ది కిల్లింగ్ జోక్’ నిడివి 76 నిమిషాలు. దాని నిర్మాణ వ్యయం మీరన్నట్టే సుమారు 35 లక్షల డాలర్లని చెబుతారు, అంటే నిమిషానికి 46 వేల డాలర్లు. 2018లో థియేటర్లకు వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వెర్స్’ 117 నిమిషాల చిత్రం. దానికైన ఖర్చు సుమారు 9 కోట్ల డాలర్లు, అంటే నిమిషానికి దాదాపు 7 లక్షల 70 వేలు. ఒకటికి పదహారు రెట్లకు పైగా అన్నమాట.

ఈ తేడాకు మూలం పనితనంలో కంటే బడ్జెట్ నిర్ణయించే తీరులో ఉంది. థియేటరు సినిమాకు ఎందరు ప్రేక్షకులు వస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి పెద్ద ఆశతో పెద్ద మొత్తమే పెడతారు. డిస్కు సినిమాను కొనేవాళ్లు చాలావరకు తెలిసినవాళ్లే. కామిక్స్ చదివేవాళ్లు, ఆ పాత్రల పాత టీవీ సీరియళ్లు చూసి పెరిగినవాళ్లు, డిస్కులు సేకరించి అలమరలో పేర్చుకునేవాళ్లు. గత చిత్రాల అమ్మకాలను బట్టి వచ్చే చిత్రం ఎన్ని ప్రతులు పోతుందో ఒక పరిధిలో అంచనా వేయవచ్చు. ఆ పరిధిలోని అడుగు అంకె వచ్చినా గిట్టుబాటు అయ్యేలా ఖర్చును వెనక్కి లెక్క కట్టి నిర్ణయిస్తారు. కథకు ఎంత కావాలన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. వార్నర్ సంస్థ ఇందుకోసమే 2006లో వార్నర్ ప్రీమియర్ అనే విభాగాన్ని పెట్టింది. 2007 సెప్టెంబరులో ‘సూపర్‌మన్: డూమ్స్‌డే’తో డీసీ చిత్రాల వరుస మొదలైంది. అందులో ఒక్కో సినిమాను విడిగా కాక వరుసను మొత్తంగా చూడాలి. ఏడాదికి రెండు మూడు చిత్రాలు ఒకదాని వెనుక ఒకటి తయారవుతుంటే అదే దర్శకుల బృందం, అదే స్టోరీబోర్డు (సన్నివేశాలను ముందుగా వరుస బొమ్మల్లో గీసుకోవడం) కళాకారులు, అదే కార్యాలయం అన్నింటికీ పనికివస్తాయి. ఒక చిత్రం కోసం మనుషులను సమకూర్చుకొని, అది ముగియగానే పంపివేసే ఖర్చు తప్పుతుంది.

ఇక డబ్బు ఎక్కడికి పోతుందన్నది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 76 నిమిషాలకు 1,09,440 ఫ్రేములు అవుతాయి. ప్రతి బొమ్మనూ రెండేసి ఫ్రేములపాటు నిలిపినా 54 వేలకు పైగా బొమ్మలు కావాలి, అదీ తెరమీద ఒకే ఒక్క పాత్ర కదులుతుంటేనే. కాబట్టి అసలు ఖర్చంతా గీతలోనే ఉంది. పొదుపు చేయడమంటే ఏ గీతను గీయకుండా వదిలేయాలో ఎంచుకోవడమే. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో దేహాలను కదలనివ్వకుండా పెదవులను మాత్రమే కదిలిస్తారు. వర్ణచిత్రం లాంటి నేపథ్యం మీదుగా కెమెరాను మెల్లగా జరుపుతారు. ముఖాన్ని నీడలో ఉంచుతారు. అలా మిగిలిన బొమ్మలను తీసుకెళ్లి పోరాట దృశ్యంలో ఖర్చు పెడతారు. ఈ వరుసలోని మంచి చిత్రాల్లో ముఖ్యమైన పోరాటం వచ్చేసరికి కదలిక ఒక్కసారిగా ఎందుకు చిక్కబడుతుందో, దానికి ముందు పది నిమిషాలపాటు అందరూ ఎందుకు నిలువునా నిలబడి మాట్లాడుకున్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దీన్ని నాసిరకం అనడం నాకు న్యాయంగా తోచదు. పద్దు చూసుకొని చేసిన దర్శకత్వం అంటే సరిపోతుంది.

గాత్రాల ఖర్చు చాలామంది ఊహించినంత ఉండదు. బ్యాట్‌మన్‌కు గొంతు ఇచ్చిన దివంగత కెవిన్ కాన్రాయ్, జోకర్‌కు గొంతు ఇచ్చిన మార్క్ హామిల్ వంటి పేరున్నవాళ్లయినా రికార్డింగు గదిలో గడిపేది కొద్ది గంటలు, కొద్ది రోజులే. వేషం, మేకప్, సెట్టు అవసరం లేదు. కార్మిక సంఘం నిర్ణయించిన కనీస వేతనమే చాలా పాత్రలకు ప్రాతిపదిక అవుతుంది. డిస్కు అట్టమీద వేసే పేరుకు అయ్యే ఖర్చు, ఒక పోరాట దృశ్యానికి అయ్యే ఖర్చు కంటే తరచుగా తక్కువే.

ప్రశ్న: ఈ సినిమాల చివర కొరియా పేర్లు అన్ని కనబడతాయేమి?

జవాబు: కథ, పాత్రల రూపకల్పన, స్టోరీబోర్డు, గాత్రాల రికార్డింగు, చివరి మిక్సింగు అమెరికాలో జరుగుతాయి. బొమ్మలు గీయడం, రంగులు నింపడం ఎక్కువగా దక్షిణ కొరియా, జపాన్ స్టూడియోలలో జరుగుతుంది. 2008లో వచ్చిన ‘బ్యాట్‌మన్: గోథమ్ నైట్’ను ఏకంగా పలు జపాన్ స్టూడియోలకు భాగాలుగా పంచి ఇచ్చారు. ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ యానిమేషన్ కొరియాకు చెందిన మోయ్ స్టూడియోలో జరిగింది. కూలి తేడా ఒక్కటే దీనికి కారణం కాదు. అమెరికన్ టీవీ కార్టూన్ల పనిని దశాబ్దాలుగా చేస్తూ వచ్చినందున అక్కడ ఆ నైపుణ్యం పెద్ద ఎత్తున స్థిరపడింది.

ఈ ఏర్పాటులో డబ్బు ఆదా అయ్యేదీ, కారిపోయేదీ ఒకే చోట. ప్రతి కదలిక ఎన్ని ఫ్రేములు, ఏ మాటకు నోరు ఏ ఆకారంలో ఉండాలి అన్నది ఎక్స్‌పోజర్ షీట్లలో వివరంగా రాసి పంపుతారు. షీటు ఎంత స్పష్టంగా ఉంటే తిరిగి గీయించే పని, అంటే రీటేకు, అంత తగ్గుతుంది. గీసినవాళ్ల పొరపాటైతే ఆ భారం సాధారణంగా వాళ్లదే. పంపినవాళ్లే మనసు మార్చుకుంటే అది నిర్మాత ఖర్చు. అందుకే ఈ చిత్రాల్లో మార్పులన్నీ యానిమాటిక్ దశలోనే, అంటే స్టోరీబోర్డు బొమ్మలకు గాత్రం జోడించి చూసుకునే దశలోనే, ముగించేయాలని నిర్మాతలు అంతగా పట్టుబడతారు.

ప్రశ్న: ఒక సినిమా పది లక్షల డిస్కులు అమ్ముడైనా లాభాల వాటా ఉన్నవాళ్లకు ఏమీ ముట్టలేదని కొన్నిసార్లు వింటాం. ఇది ఎలా సాధ్యం? డిస్కు ధరలో నిర్మాతకు దక్కేది ఎంత?

జవాబు: ఒక ఊహా లెక్కతో చెబుతాను. ఇవి వివరణ కోసం వేసుకున్న అంకెలే తప్ప ఏ చిత్రానికీ చెందినవి కావు. దుకాణంలో డిస్కు ధర 20 డాలర్లనుకుందాం. స్టూడియోకు వచ్చేది దుకాణం చెల్లించే టోకు ధర, దాన్ని 13 డాలర్లనుకుందాం. అందులో డిస్కు తయారీ, పెట్టె, రవాణా, పంపిణీ, అమ్ముడుపోక వాపసు వచ్చే ప్రతుల కోసం పక్కన పెట్టే మొత్తం కలిపి 5 డాలర్లు పోతే 8 మిగులుతాయి. నిర్మాణానికి 35 లక్షలు, ప్రచారానికి 20 లక్షలు అయ్యాయనుకుంటే 55 లక్షల డాలర్లు రావడానికి 6 లక్షల 87 వేల 500 డిస్కులు పోవాలి. పది లక్షలు పోయాయంటే 80 లక్షల డాలర్లు వస్తాయి, ఖర్చులు పోను 25 లక్షలు మిగులు.

ఇప్పుడు అదే సినిమాకు రెండో పద్దు చూడండి. వీడియో క్యాసెట్లు కొత్తగా వచ్చిన రోజుల్లో హాలీవుడ్ స్టూడియోలు ఒక సూత్రం పాటించడం మొదలుపెట్టాయి. వీడియో అమ్మకాల టోకు రాబడిలో 20 శాతాన్ని మాత్రమే సినిమా ఆదాయంగా చూపి, మిగిలిన 80 శాతాన్ని వీడియో విభాగం తన ఖర్చులకు, లాభానికి ఉంచుకోవడం ఆ పద్ధతి. క్యాసెట్టు తయారీ ఖరీదైన రోజుల్లో పుట్టిన సూత్రం, డిస్కు ఖర్చు కాస్తంతకు పడిపోయిన తర్వాత కూడా చాలాకాలం కొనసాగింది. ఈ సూత్రాన్ని మన ఊహా చిత్రానికి వర్తింపజేస్తే డిస్కుకు 13 డాలర్లలో 2 డాలర్ల 60 సెంట్లే సినిమా ఖాతాకు జమ అవుతాయి. పది లక్షల డిస్కులకు 26 లక్షలు. నిర్మాణ వ్యయం 35 లక్షలు కదా, ప్రచారం సంగతి ఎత్తకముందే 9 లక్షల నష్టం! ఒకే సినిమా, అవే అమ్మకాలు. ఒక పద్దులో పాతిక లక్షల లాభం, మరో పద్దులో తొమ్మిది లక్షల నష్టం. రెంటిలోనూ కూడికల్లో తప్పు లేదు.

ఇది ప్రధానంగా థియేటరు సినిమాల ఒప్పందాల్లో వేళ్లూనుకున్న సూత్రం. వీడియో కోసమే తీసిన చిత్రానికి ‘ఆదాయం’ అనే మాటను ఒప్పందంలో ఎలా నిర్వచించుకుంటే అలా ఉంటుంది. అందువల్ల లాభాల్లో వాటా ఎంత శాతమన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. దేనిలో శాతమన్నది మొదటి ప్రశ్న, మనవాళ్లలో చాలామంది దాన్నే అడగరు. గీసేవాళ్ల విషయం ఇంకో తీరు. అక్కడి యానిమేషన్ కార్మిక సంఘమైన యానిమేషన్ గిల్డ్ ఒప్పందాల కింద పునఃప్రదర్శనల, వీడియోల చెల్లింపులు రచయితలకో కళాకారులకో వ్యక్తిగతంగా చేరవు. ఉమ్మడి పింఛను, ఆరోగ్య నిధులకు జమ అవుతాయి. కామిక్ పాత్ర సృష్టికర్తల మాట ఎత్తితే 1938 నుంచి చెప్పుకోవాలి. సీగల్, షూస్టర్ జంట సూపర్‌మన్ హక్కులను ఆ ఏడాది 130 డాలర్లకు వదులుకుంది.

ప్రశ్న: ‘కిల్లింగ్ జోక్’ కామిక్ పుస్తకం చాలా చిన్నది. సినిమాలో మొదటి అరగంట పుస్తకంలో లేనే లేదు. దీనికీ వ్యాపారానికీ సంబంధం ఉందా? ఒకటి రెండు రాత్రులు థియేటర్లలో ఆడించి ఖర్చు మొత్తం రాబట్టారన్నది నిజమేనా?

జవాబు: సంబంధం ఉంది. పూర్తి నిడివి సినిమా అని చెప్పి పూర్తి ధరకు డిస్కు అమ్మాలంటే సుమారు గంటా పావు బొమ్మ ఉండాలి. 1988 నాటి ఆ పుస్తకం యాభై పుటలు కూడా ఉండదు. అందుకని బ్యాట్‌గర్ల్ కథ ఒకటి ముందు చేర్చారు. అభిమానులు ఎక్కువగా కోపగించుకున్నది ఆ భాగం మీదే. పుస్తకం పెద్దదైనప్పుడు ఇదే కొలత తలకిందులుగా పనిచేస్తుంది. ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ను రెండుగా చీల్చి 2012 సెప్టెంబరులో ఒకటి, 2013 జనవరిలో ఒకటి విడుదల చేశారు. కథకు న్యాయం జరిగిందనే నేనూ ఒప్పుకుంటాను, అయితే ఒకే డిజైన్ల ఖర్చు మీద రెండు డిస్కులు అమ్ముడయ్యాయన్న సంగతి కూడా మరవకూడదు.

థియేటర్ల విషయానికి వస్తే, 2016 జులైలో ఫాథమ్ ఈవెంట్స్ సంస్థ ఆ చిత్రాన్ని ప్రత్యేక ప్రదర్శనలుగా వేసింది. టికెట్ల మీద 40 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. కానీ టికెట్ రాబడిలో థియేటర్ల వాటా, నిర్వాహక సంస్థ వాటా పోతాయి కాబట్టి ఆ మొత్తాన్ని 35 లక్షల పక్కన పెట్టి ఖర్చు రాబట్టేశారనడం తొందరపాటు. అసలు లాభం వేరే చోట ఉంది. థియేటరులో పడిందన్న వార్తే డిస్కుకు ప్రచారమైంది. ప్రచారానికి డబ్బు పోసే బదులు ప్రచారమే డబ్బు తెచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ‘బ్యాట్‌మన్: మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్’ను మొదట వీడియో కోసమే తలపెట్టి, మధ్యలో నిర్ణయం మార్చి 1993 క్రిస్మస్ రోజున థియేటర్లలో విడుదల చేశారు. ఖర్చు 60 లక్షల డాలర్లకు పెరిగింది. ప్రచారానికి వ్యవధి చాలలేదు. అమెరికా వసూళ్లు సుమారు 56 లక్షల దగ్గర ఆగాయి. వీడియోగా వచ్చాకే అది ఆదరణ కూడగట్టుకుంది. ఇప్పుడు దాన్ని ఆ కోవలో ఉత్తమ చిత్రాల్లో ఒకటిగా చెప్పుకుంటారు.

ప్రశ్న: డిస్కులే కనుమరుగవుతున్నప్పుడు ఈ లెక్కలన్నీ ఏమవుతాయి?

జవాబు: వార్నర్ ప్రీమియర్ విభాగం 2012లోనే మూతపడింది. చిత్రాల వరుస మాత్రం వార్నర్ యానిమేషన్, గృహ వినోద విభాగాల కింద సాగింది. నెట్‌ఫ్లిక్స్ తపాలా డిస్కుల సేవ 2023 సెప్టెంబరులో ముగిసింది. అమెరికాలో ఎలక్ట్రానిక్స్ అమ్మే బెస్ట్ బై దుకాణాలు 2024లో డిస్కుల అమ్మకం మానేశాయి. అయినా డీసీ వరుసలోని ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ మూడు భాగాలుగా అదే ఏడాది వచ్చింది.

డిజిటల్ అమ్మకంలో తయారీ, రవాణా, వాపసుల బెడద లేదు. కాబట్టి ప్రతికి మిగిలేది ఎక్కువే. అయితే ఇరవై డాలర్లు పెట్టి కొనేవాడు తగ్గి, నాలుగైదు డాలర్లకు అద్దెకు చూసేవాడు, నెల చందాలోనే చూసేవాడు పెరిగారు. చందా సేవ కూడా స్టూడియో మాతృసంస్థదే అయినప్పుడు సినిమాకు కట్టే వెల బజారులో తేలేది కాదు, ఒకే ఇంట్లో ఒక గదివాళ్లు పక్క గదివాళ్లకు రాసిచ్చే చీటీ లాంటిది. దుకాణాల నుంచి వచ్చిన డిస్కు అమ్మకాల అంకెను బయటివాళ్లు కొంతవరకైనా సరిచూడగలిగేవాళ్లు. ఈ చీటీ మీద ఎంత రాశారో చూసే వీలు, లాభాల్లో వాటా ఉన్నవాళ్లకు కూడా, ఒప్పందంలో ఆడిట్ హక్కు రాయించుకుంటే తప్ప ఉండదు.