సముద్రాన్ని పూడ్చిన నేల మీద 55 అంతస్తుల హోటల్ ఎలా నిలబడింది?

సింగపూర్‌లోని మెరీనా బే శాండ్స్ కింద మెత్తటి బంకమట్టే ఉంటే అంత బరువు ఎలా ఆగుతోందని అడిగారు, కాకినాడలో మీ పని కోసం. ఆ హోటల్ చుట్టుపక్కల బేస్‌మెంట్ పనుల్లో కొన్నేళ్లు జియోటెక్నికల్ ఇంజినీరుగా చేశాను, నాకు తెలిసింది చెప్తాను.

బరువు సంగతి కొంత తేలికే. పైన పూడ్చిన ఇసుక, దాని కింద మెరైన్ క్లే అనే ఆ మెత్తటి బంకమట్టి, ఇంకా కింద ఓల్డ్ అల్యూవియం అనే గట్టి పొర. పైల్స్, అంటే భవనాన్ని మోసే లోతైన స్తంభాలు, బంకమట్టిని దాటి ఆ గట్టి పొరలోకి దిగుతాయి. కాకపోతే పైనున్న ఇసుక బరువుకి బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతూ పైల్‌ను కూడా కిందికి లాగుతుంది. దీన్నే నెగటివ్ స్కిన్ ఫ్రిక్షన్ అంటాం. భవనం బరువుతో పాటు ఈ లాగుడునీ లెక్కలో కలపాలి.

అసలు భయమంతా గొయ్యి తవ్వేటప్పుడే. ఆ మట్టిని గుప్పిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి బయటికొస్తుంది. అందులో 20 మీటర్లు తవ్వితే నాలుగు వైపుల నుంచీ లోపలికి తోసుకొస్తుంది. 2004 ఏప్రిల్ 20న, అక్కడికి దగ్గర్లోనే, నికోల్ హైవే పక్కన మెట్రో కోసం తవ్విన గొయ్యి కూలి నలుగురు చనిపోయారు. గొయ్యి గోడలు లోపలికి రాకుండా అడ్డంగా పెట్టే ఉక్కు స్ట్రట్‌లు, గోడ వెంబడి ఉండే దూలాన్ని (వేలర్‌ను) కలిసే చోట బలం చాలలేదు. కొన్ని పోగానే వాటి భారం పక్కవాటి మీద పడి వరసగా పోయాయి. మా సైట్లలో కొత్తగా చేరినవాళ్లకు ముందు ఈ ప్రమాదం గురించే చెప్పేవాళ్లం. చెప్పి తీరాలి కూడా.

అందుకే ఈ హోటల్ ప్రాజెక్టులో ఆరప్ సంస్థ ఇంజినీర్లు ఎంచుకున్న పద్ధతి నాకు అంత ఇష్టం. డయాఫ్రమ్ వాల్స్‌ను, అంటే తవ్వకానికి ముందే నేలలో పోసే కాంక్రీట్ గోడల్ని, చాలా చోట్ల గుండ్రంగా కట్టారు, అన్నిటికన్నా పెద్దదాని వ్యాసం 120 మీటర్లు. బావి ఒర లాగే, చుట్టూ ఉన్న మట్టి నొక్కే కొద్దీ గోడ బిగుసుకుంటుంది. లోపల అడ్డంగా స్ట్రట్‌లు అక్కర్లేదు, యంత్రాలు తిరగడానికి కావలసినంత చోటు. పైన మూడు టవర్లూ ఎవరి మానాన అవి కదులుతాయి, కుంగుతాయి. అందుకని ఆ మూడింటి నెత్తినా పరుచుకున్న 340 మీటర్ల స్కైపార్క్‌లో కదలడానికి జాయింట్లు వదిలారు. ఈతకొలను మట్టం తర్వాత సరిదిద్దుకునేందుకు దాని కింద జాక్‌లు పెట్టారు.

మేం చేసిన ఒక సైట్‌లో గోడ కదలిక హెచ్చరిక హద్దు దాటింది. వెంటనే తవ్వకం ఆపించి, తర్వాతి వరస స్ట్రట్‌లు బిగించాకే మళ్లీ తవ్వనిచ్చాం. ఆలస్యమవుతోందని ఒత్తిడి బాగా వచ్చింది, అయినా ఒప్పుకోలేదు. నేల లోపల గోడ ఎంత ఒరిగిందో చూపించే ఇంక్లినోమీటర్ రీడింగ్ లేకపోతే ఆ కదలిక కంటికి కనపడేదే కాదు.

కాకినాడ తీరంలోనూ మెరైన్ క్లే ఉంది. మీ సాయిల్ రిపోర్టులో ఎన్ విలువ (మట్టిలోకి గొట్టం దిగడానికి పట్టే సుత్తి దెబ్బల లెక్క) ఒక్కటే చూసి ఆగిపోకండి. ఈ మట్టిలో అది సున్నా, ఒకటి, రెండు అనే వస్తుంది, దాంతో డిజైన్ చేయలేం. మట్టి బలాన్ని కొలిచే వేన్ షియర్, అది ఎంత కుంగుతుందో చెప్పే కన్సాలిడేషన్ పరీక్షలు చేయించమని పట్టుబట్టండి. ఇంక్లినోమీటర్లు తవ్వకానికి ముందే దింపించండి. ఆలస్యంగా దింపితే అప్పటికే జరిగిపోయిన కదలిక రీడింగుల్లోకి రాదు.