ఎంఏ ఆపాలా, ఉద్యోగం మానాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాం. నాకు 29 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. ఉస్మానియాలో ఎంఏ జర్నలిజం రెండో ఏడాది చదువుతున్నాను. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మాదాపూర్‌లో కాంట్రాక్టు మీద కంటెంట్ రైటింగ్. పాపను అత్తయ్య చూసుకుంటారు, ఆవిడకు షుగర్. "రెండు పడవల మీద కాళ్లు పెట్టావు, ఏదో ఒకటి వదిలెయ్" అంటున్నారు మావారు. పీహెచ్‌డీ చేసి పాఠాలు చెప్పాలని నా కోరిక, కానీ వయసు దాటిపోతోందని టెన్షన్. నాలుగు నెలల్లో ప్రాజెక్టు ఇవ్వాలి, టాపిక్ కూడా అనుకోలేదు. ఏది మానేయమంటారు?

జవాబు: ఎంఏ వదలొద్దు. ఈ నాలుగు నెలలు ఉద్యోగాన్ని సగానికి తగ్గించుకోవడానికి చూడండి, ఆఫీసువాళ్లు ఒప్పుకోకపోతే అదే మానండి. కాంట్రాక్టు మీద రాసే పని హైదరాబాద్‌లో మళ్లీ దొరుకుతుంది. చివర్లో ఆపేసిన ఎంఏని పాప బడికి వెళ్లాక మళ్లీ అందుకుంటానంటే మాత్రం నాకు నమ్మకం లేదు. అలా అన్నవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువే. అయితే మీ జీతం తగ్గితే ఇంట్లో ఏది ఆగుతుందో మీరు రాయలేదు. ఈఎంఐ మీ జీతంతోనే కడుతుంటే లెక్క మారుతుంది. ముందు అది కాగితం మీద వేసుకోండి.

వయసు గురించి మీ భయానికి అసలు ఆధారం లేదు. కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత ఇచ్చే జాతీయ పరీక్ష నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితే లేదు. అదే పరీక్షలో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు 30 ఏళ్లంటారు గానీ మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. అది వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు చేతికొస్తాయి. పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి జీతం తేవడమంటే అదే. ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు కాబట్టి క్లాస్‌మేట్స్ అందరూ ఫీజు కట్టేస్తుంటారు, మీరు మాత్రం ఈ విడతకు ఆగండి. ప్రాజెక్టు, సెమిస్టర్ పరీక్షలు, నెట్ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే మూడూ పాడవుతాయి. ఏటా రెండుసార్లు జరిగే పరీక్షకు అంత తొందరెందుకు? కావాలంటే అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరు, ఆ 50 ప్రశ్నల సిలబస్, మెట్రోలో తిరగేయండి. తార్నాకలో ఎక్కితే హైటెక్ సిటీ దాకా రైలు మారే పని లేదు, అమీర్‌పేటలో జనం ఎక్కేదాకా పుస్తకం తెరిచే చోటూ ఉంటుంది.

ఇక ప్రాజెక్టు. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది "ఆవిడకు షుగర్" అన్న ముక్క దగ్గర. అత్తయ్యగారి వాట్సాప్‌కు షుగర్ గురించి ఏమేం వస్తుంటాయో ఎప్పుడైనా అడిగారా? కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, మాత్రలు మానేయొచ్చనే వీడియోలు చాలామంది పెద్దవాళ్ల ఫోన్లలో ఉంటాయి. వాటిలో ఏది నమ్ముతారు, ఎవరు పంపితే నమ్ముతారు, నమ్మాక డాక్టర్‌కు చెబుతారా, దాచిపెడతారా? ఇది ఎంఏ ప్రాజెక్టుకు సరిపోయే ప్రశ్న, రేపు పీహెచ్‌డీ దాకా సాగే ప్రశ్న కూడా. మీ కాలనీలోనే షుగర్ ఉన్న పదిహేను, ఇరవై మందితో కూర్చుని మాట్లాడితే సరుకు వచ్చేస్తుంది. ముందుగా వాళ్ల అనుమతి తీసుకోండి, పేర్లు రాయకండి. అత్తయ్యగారిని ఆ లెక్కలో కలపొద్దు, ఇంట్లో మనిషి మీకు నచ్చే జవాబే చెబుతారు. ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో ముందు ఆవిడ మీద పరీక్షించుకోండి, అంతవరకే. 1954 నుంచి జర్నలిజం చెబుతున్న డిపార్ట్‌మెంట్ మీది, టాపిక్ ఖాయం చేసే ముందు పాత ప్రాజెక్టులు కొన్ని అడిగి తీసుకుని చూడండి. "సోషల్ మీడియా ప్రభావం" లాంటి పెద్ద టైటిళ్ల జోలికి వెళ్లకండి.

ప్రాజెక్టు చివర్లో షుగర్ ఉన్నవాళ్ల కోసం తిండి గురించి ఒక కరపత్రం రాసి జతచేయండి. "పిండిపదార్థాల వినియోగాన్ని నియంత్రించుకోవలెను" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. "పళ్లెంలో సగం కూర, పావు వంతే అన్నం" అంటే అర్థమవుతుంది. అర్థమైందనుకుని ఊరుకోకూడదు, నలుగురి చేత చదివించాలి. సగం కూర అన్నారు కదా అని బంగాళాదుంప వేపుడు పెట్టుకునేవాళ్లు తప్పకుండా తేలతారు. అప్పుడు "బీరకాయ, దొండకాయ, ఆకుకూర" అని మార్చి మళ్లీ చదివించాలి. విషయం సరిగ్గా ఉందో లేదో డైటీషియన్‌కు చూపించాలి. మొదటి ప్రతి, మార్చిన ప్రతి, ఎందుకు మార్చారో రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి ఉద్యోగం ఇంటర్వ్యూలో చూపిస్తే సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇలా జనానికి అర్థమయ్యేలా రాసే పని ఎక్కడుంటుందంటారా? మీ క్యాంపస్ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీ, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి, వెబ్‌సైట్లు చూస్తుండండి. జర్నలిజం అనగానే అందరూ చానళ్ల గుమ్మం దగ్గరే నిలబడతారు, చిన్న పాపతో నైట్ డ్యూటీల ఉద్యోగానికి మీరు తొందరపడొద్దు.

మీవారి మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఈ పరుగు ఎప్పుడు ఆగుతుందో ఆయనకు ఎవరైనా చెప్పారా? ప్రాజెక్టు ఇచ్చే తేదీ, ఆఖరి పరీక్ష తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. వారంలో ఏ రాత్రులు పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టడం ఆయన వంతో అక్కడే రాయండి, అత్తయ్యగారిని షుగర్ పరీక్షకు తీసుకెళ్లేది ఎవరో కూడా. "నేను చూసుకుంటాలే" అనే మాట ఇకనైనా మానేయండి. నాలుగేళ్ల పిల్ల వెంట రాత్రి దాకా తిరగడం షుగర్ ఉన్న మనిషికి చిన్న పని కాదు. ఆవిడ కాదనలేదంటే ఇష్టంగా ఒప్పుకున్నట్టు కాదు, విడిగా కూర్చోబెట్టి అడగండి. పాపను రోజూ ఒక పూట ప్లేస్కూల్‌లో ఉంచే ఖర్చు భరించగలిగితే ఆ డబ్బుకు వెనకాడొద్దు.

ఆఫీసులో నోటిమాటగా అడగొద్దు, మెయిల్ పెట్టండి. గంటలు తగ్గించమంటే కాదనే చోట, వారానికి ఇన్ని ఆర్టికల్స్ ఇస్తానంటే వింటారు. కుదరదంటే నోటీసు పీరియడ్ పూర్తి చేసి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికొచ్చాకే బయటికి రండి. తర్వాత దానికోసం తిరగడం మహా విసుగు.