పిసకని పిండి, పొంగే బ్రెడ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిసక్కుండా చేసే బ్రెడ్ గురించే. ఒకే తరహా సందేహాలను కలిపి జవాబులిస్తున్నాం. చెంచా అన్నచోటల్లా 5 మిల్లీలీటర్ల టీస్పూను అని గ్రహించండి.

ప్రశ్న: పిండి పిసక్కుండానే బ్రెడ్ వస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. మరి పిండికి ఆ సాగే గుణం ఎక్కణ్నుంచి వస్తుంది? కొలతలతో సహా చెప్పండి.

సాగే గుణానికి మూలం తడి. గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగలగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అనే వలలా అల్లుకోవడం మొదలెడతాయి. పిసికితే ఆ అల్లిక పది నిమిషాల్లో పూర్తవుతుంది. పిసక్కుండా వదిలేస్తే అదే పని పది పన్నెండు గంటల్లో దానంతటదే జరుగుతుంది. ఈలోగా ఈస్ట్ విడిచే గాలితో బుడగలు పెరిగి, పిండిని లోపలినుంచి కొద్దికొద్దిగా సాగదీస్తుంటాయి. చేతులు చేయాల్సిన పని బుడగలు చేసిపెడతాయన్నమాట.

అయితే ఇందులో నీళ్లూ, సమయమూ రెండూ ధారాళంగా ఉండాలి. గట్టి ముద్దలో ప్రొటీన్లకు కదిలే చోటుండదు, ఎన్ని గంటలు ఉంచినా అల్లిక సరిగా కుదరదు. సమయం తగ్గించడానికి ఈస్ట్ ఎక్కువ వేస్తే పిండి త్వరగా పొంగుతుంది గానీ ఆ పొంగును నిలబెట్టే వల ఇంకా తయారై ఉండదు. రుచి కూడా రాదు. న్యూయార్క్‌లో బేకరీ నడిపే జిమ్ లేహీ పద్ధతి 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాక ఇది ఇళ్లలో బాగా పాకింది. అందులో కూడా ఈస్ట్ పావు చెంచానే.

ఒక బ్రెడ్‌కు: మైదా 400 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు చెంచా. ప్యాకెట్ మీద ప్రొటీన్ 100 గ్రాములకు 12 గ్రాములో అంతకంటే ఎక్కువో ఉంటే ఈ నీళ్లు సరిపోతాయి. 9, 10 గ్రాములే ఉన్న పిండి అన్ని నీళ్లు పట్టదు. 275తో మొదలుపెట్టండి.

పొడివన్నీ ముందు కలిపి, మామూలు నీళ్లు పోసి, గరిటె వెనక భాగంతో ఒక నిమిషం కలియబెట్టండి. పొడి పిండి ఎక్కడా కనబడకపోతే చాలు. ముద్ద గరుగ్గా, అతుకులబొంతలా ఉంటుంది. దాన్ని నునుపు చేయాలని చూడకండి. మూతపెట్టి 20 నుంచి 22 డిగ్రీల గదిలో 12 నుంచి 18 గంటలు వదిలేయండి. పిండి రెట్టింపై, పైన బుడగలు కనబడి, గిన్నె కదిపితే వణికిందంటే సిద్ధమైనట్టే.

బల్లమీద పిండి బాగా చల్లి, ముద్దను మెల్లగా దించి, నాలుగు అంచులూ ఒక్కొక్కటిగా లాగి మధ్యకు మడవండి. మడతలు కిందికి వచ్చేలా తిప్పి, పిండి చల్లిన గుడ్డమీద పెట్టి పైన ఇంకో గుడ్డ కప్పండి. గంట నుంచి రెండు గంటలు ఆగాలి. వేలితో నొక్కితే ఆ గుంట నెమ్మదిగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడితే ఇంకాస్త ఆగండి.

ఆ ఆగే సమయంలో చివరి 40 నిమిషాలు ఓవెన్‌ను 230 డిగ్రీలకు పెట్టి, 4 లీటర్లు పట్టే మందపాటి ఇనుప గిన్నెను మూతతో సహా అందులో కాగనివ్వండి. ముద్దను తలకిందులుగా గిన్నెలోకి జారవిడవాలి. మడతలున్న వైపు పైకొస్తుంది, బ్రెడ్ ఆ మడతల దగ్గరే విచ్చుకుంటుంది కాబట్టి బ్లేడుతో గాటు పెట్టే పని లేదు. మూతతో 30 నిమిషాలు, మూత తీసి 15 నుంచి 20 నిమిషాలు. పైభాగం ముదురు గోధుమరంగుకు రావాలి. లేత బంగారు రంగులోనే తీసేయడం అందరూ చేసే పొరపాటు. ఆ రంగు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, అరగంటలో పైపొర మెత్తబడిపోతుంది.

ప్రశ్న: 12 గంటలు ఉంచమన్నారని రాత్రి కలిపి పొద్దున చూస్తే పిండి మధ్యలో గుంట పడి, ఘాటైన పులుపు వాసన వేస్తోంది. వేసవిలోనే ఇలా అవుతోంది. పారేయాలా?

పారేయకండి. అది పాడైపోలేదు, పులుపు మించింది. పైన చెప్పిన గంటలు 20, 22 డిగ్రీల గదికి. గది 30 డిగ్రీలు దాటితే అదే పిండి 6 నుంచి 8 గంటల్లో తయారవుతుంది, ఆ తర్వాత ఉంచిన ప్రతి గంటా నష్టమే. ఆమ్లం పెరిగి, ఎంజైములు గ్లూటెన్‌ను కొరికేసి, వల గాలిని పట్టుకోలేక కూలుతుంది. ఆ గుంట అదే.

వేడి రోజుల్లో మూడు మార్గాలున్నాయి. ఈస్ట్‌ను పావు చెంచా నుంచి అందులో సగానికి తగ్గించి, ఫ్రిజ్ నీళ్లతో కలపడం మొదటిది. పొద్దున కలిపి మధ్యాహ్నానికి చూసుకోవడం రెండోది. మూడోదే మా సలహా: కలిపాక రెండు గంటలు బయట ఉంచి, ఆపైన ఫ్రిజ్‌లో పెట్టేయండి. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది. మర్నాడు గానీ, మూడోరోజు గానీ వీలున్నప్పుడు తీసి కాల్చుకోవచ్చు. చల్లటి పిండి చేతికి తక్కువ అంటుకుంటుంది, రుచి కూడా పెరుగుతుంది. కాకపోతే మడిచాక గంటకు బదులు రెండు గంటలు ఆగాలి.

గడియారాన్ని నమ్మకుండా ఉండాలంటే, పక్కలు నిటారుగా ఉన్న పారదర్శకమైన డబ్బాలో పిండి వేసి మట్టం దగ్గర ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. గుండ్రటి గిన్నెలో రెట్టింపు అయిందో లేదో కంటికి ఆనదు.

ఇక కూలిన పిండి. దాన్ని గుండ్రంగా చేయాలని చూస్తే పళ్లెంలా పరుచుకుపోతుంది. ఎలాగూ పరుచుకుంటుంది కాబట్టి నూనె బాగా రాసిన ట్రేలో వేసి, నూనె చేతులతో వేళ్లు గుచ్చి పరిచి, 220 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. కాస్త పుల్లగా, కరకరలాడే పలచటి రొట్టె వస్తుంది.

ప్రశ్న: మైదా మూడు కప్పులు కొలిచి వేశాను. పిండి చేతులకు జిగురులా పట్టేస్తోంది. ఇంకో కప్పు మైదా కలపవచ్చా?

వద్దు. ఈ పిండి అలాగే ఉండాలి. చేతులు తడి చేసుకోండి, బల్లమీద నుంచి ఎత్తడానికి ప్లాస్టిక్ గీకుడు పలక వాడండి. అయితే సూప్‌లా జారిపోతోందంటే తప్పు కొలతలో ఉంది. మీరు కప్పుతో కొలిచారని రాశారు. పిండిని చెంచాతో వదులుగా నింపితే కప్పుకు 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాములు వస్తుంది. మూడు కప్పుల మీద తేడా 90 గ్రాములు. అవే 300 గ్రాముల నీళ్లు మొదటి కొలతలో పిండి బరువుకు 83 శాతం, రెండో కొలతలో 67 శాతం. ఒకటి జారుడు, ఇంకొకటి గట్టి ముద్ద. ఈ పనికి ఒక్క వస్తువే కొనాలంటే ఇనుప గిన్నె కంటే ముందు వంటింటి త్రాసు కొనండి.

ప్రశ్న: పైన చక్కగా కాలినా లోపల బంకగా ఉంటోంది. కత్తికి కూడా అంటుకుంటోంది.

ఎక్కడ బంకగా ఉందో చూడాలి. మొత్తం కాస్త తడిగా, కత్తికి మాత్రమే అంటుతుంటే వేడిగా కోశారు. ఓవెన్ నుంచి తీసేసరికి లోపలి పిండిపదార్థం ఇంకా జావలాగే ఉంటుంది, చల్లారేటప్పుడు గట్టిపడుతుంది. కింద గాలి ఆడేలా జల్లెడమీద పెట్టి కనీసం గంట ఆగండి. నడిమధ్యలో మాత్రమే బంకగా ఉంటే కాలలేదు: మధ్యలో థర్మామీటరు గుచ్చితే 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి. కిందివైపు తట్టి బోలు శబ్దం వచ్చిందని తీసేయడం అంత నమ్మకమైన పరీక్ష కాదు, 90 డిగ్రీల దగ్గర కూడా ఆ శబ్దం వస్తుంది. అడుగున దట్టమైన పొర ఏర్పడి, పైన మాత్రం పెద్ద పెద్ద గుహలుంటే అది చాలా వరకు పులియడం చాలకపోవడం. రంగు ముందే వచ్చి లోపల కాలకపోతే ఓవెన్ ముల్లు చెప్పేదాని కంటే లోపల వేడి ఎక్కువుంది, విడిగా ఒక ఓవెన్ థర్మామీటరు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మాది చిన్న ఓటీజీ. మందపాటి గిన్నె పట్టదు. మూత లేకుండా కాల్చవచ్చా?

కాల్చవచ్చు, కానీ మూత ఎందుకో తెలిస్తే దాని బదులు ఏం వాడాలో తెలుస్తుంది. మూతకింద పిండిలోని నీరే ఆవిరై చుట్టూ నిలుస్తుంది. పైపొర తడిగా ఉన్నంతసేపూ సాగుతుంది, బ్రెడ్ పైకి లేస్తుంది. పైనున్న పిండిపదార్థం ఆ ఆవిరికి జావలా ఉడికి, మూత తీశాక ఎండి పలచటి పెంకులా పగులుతుంది. ఆవిరి లేకపోతే పైపొర ముందే గట్టిపడి, లోపలి గాలి పక్కనుంచి చీల్చుకుని బయటపడుతుంది.

అందుకని దీర్ఘచతురస్రపు బ్రెడ్ టిన్నులు ఒకే కొలతవి రెండు తీసుకోండి. ఒకదానికి నూనె రాసి ముద్ద వేసి, అందులోనే గంట ఉంచి, రెండోదాన్ని బోర్లించి కప్పండి. అంచుల దగ్గర రెండు ఇనుప క్లిప్పులు పెడితే ఆవిరి జారదు. 400 గ్రాముల పిండి పట్టకపోతే 300కు తగ్గించి మిగతావి అదే లెక్కన తగ్గించుకోండి. ట్రేమీద ముద్ద పెట్టి పైన స్టీలు గిన్నె బోర్లించినా సరే. ఓటీజీలో పై కింది రాడ్లు రెండూ వేసి, ట్రేను కింది అరలో పెట్టండి. అడుగు మాడుతుంటే కింద ఇంకో ఖాళీ ట్రే అడ్డం పెట్టండి. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాను గాలి పైపొరను ఇంకా త్వరగా ఎండబెడుతుంది కాబట్టి అక్కడ కప్పడం తప్పనిసరి. వట్టి మైక్రోవేవ్‌తో ఈ బ్రెడ్ రాదు.

కొన్ని జాగ్రత్తలు. మూత పిడి ప్లాస్టిక్‌దైతే విప్పేసి ఆ కన్నంలో అల్యూమినియం ఫాయిల్ కుక్కండి. కాగిన గాజు గిన్నెలో చల్లటి పిండి వేయకండి, పగలవచ్చు. నాన్‌స్టిక్ గిన్నెను ఖాళీగా అంత వేడి చేయకండి. ముద్దను కాగితంతో ఎత్తి దించేవాళ్లు సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం తీసుకోవాలి. మామూలు బటర్ పేపర్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ బ్రెడ్ అడుగుకు అతుక్కుని ఊడిరాదు.

ప్రశ్న: మైదా బదులు పూర్తిగా గోధుమపిండి వాడవచ్చా?

ఒకేసారి మొత్తం మార్చకండి. తవుడు పలుకులు గ్లూటెన్ పోగులకు అడ్డుపడతాయి, పైగా నీళ్లు తాగేస్తాయి. మొదట 400లో 100 గ్రాములు గోధుమపిండి వేసి, నీళ్లు 20 గ్రాములు పెంచండి. బాగా వస్తే సగం వరకు వెళ్లవచ్చు. గోధుమపిండి ఉన్న ముద్ద త్వరగా పులుస్తుంది, రెండు గంటల ముందునుంచే చూస్తూ ఉండండి. పూర్తి గోధుమపిండితో అయితే నీళ్లు పిండి బరువుకు 85 శాతం దాకా పడతాయి, గుండ్రంగా నిలవదు కాబట్టి టిన్నులోనే కాల్చాలి. దట్టంగానే ఉంటుంది, మైదా బ్రెడ్‌తో పోల్చుకోకండి.

ప్రశ్న: నా దగ్గరున్నది గుళికల్లాంటి యాక్టివ్ డ్రై ఈస్ట్. అది వాడితే? ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందంటారు, నిజమేనా?

పావు చెంచా బదులు పావుకు కాస్త పైగా వేయండి. గోరువెచ్చటి నీళ్లలో, అంటే 38 నుంచి 40 డిగ్రీలు, పది నిమిషాలు నానబెట్టి కలపండి. నురగ రాకపోతే ఆ ప్యాకెట్ పని అయిపోయినట్టే. 60 డిగ్రీల నీళ్లు ఈస్ట్‌ను చంపేస్తాయి. ఉప్పు ఈ మోతాదులో చంపదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. పొడిగా రెండూ ఒకచోట పడినా వెంటనే నీళ్లు పోసి కలిపేస్తాం కనుక భయం లేదు.

ప్రశ్న: డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. పూర్తిగా మానేయవచ్చా?

8 గ్రాములను 4 గ్రాములకు తగ్గించవచ్చు. పిండి ఇంకాస్త జారుగా, త్వరగా పొంగేదిగా ఉంటుంది, సమయం తగ్గించుకోండి. పూర్తిగా మానేస్తే ఈస్ట్‌కు పగ్గం ఉండదు: పిండిలోని చక్కెరంతా తినేసి, పైపొర పాలిపోయి వస్తుంది. రుచి సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మర్నాటికే గట్టిపడుతోంది. ఫ్రిజ్‌లో పెడుతున్నాం.

గట్టిపడటానికి ఆ ఫ్రిజ్ కూడా కారణమే. బ్రెడ్ గట్టిపడేది తడి ఆరిపోవడం వల్లే అనుకుంటాం. పిండిపదార్థం మళ్లీ స్ఫటికంలా బిగుసుకోవడం అసలు సంగతి, అది ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. మొదటి రోజు కోసిన వైపు బల్లకు ఆనేలా పెట్టి పైన గుడ్డ కప్పితే చాలు. రెండో రోజుకు మిగిలేట్టుంటే అదే రోజు ముక్కలు కోసి, గాలి తీసేసిన సంచిలో ఫ్రీజర్‌లో పెట్టండి. ముక్కలను కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లో వేయవచ్చు. కోయకుండా గట్టిపడిన బ్రెడ్‌ అయితే పైన నీళ్లు చిలకరించి 180 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు వేడిచేయండి. మళ్లీ మెత్తబడుతుంది గానీ ఆ మెత్తదనం కొద్ది గంటలే, ఆ పూటే తినేయాలి.