రస్ట్ పాఠం అర్థమైనా కోడ్ రాయలేకపోతుంటే

రస్ట్ ప్రోగ్రామింగ్ భాష అధికారిక పుస్తకంలో ఓనర్‌షిప్ (ఏ విలువకు ఏ వేరియబుల్ యజమాని అనే నియమాలు) అధ్యాయం అర్థమైనా, సొంతంగా రాయగానే E0382 ఎర్రర్ (యాజమాన్యం చేతులు మారిన విలువను మళ్ళీ వాడితే వచ్చేది) వస్తోందని మీరు రాశారు. ఇది మీ గ్రహణలోపం కాదు. సరిగా నడిచే ఉదాహరణను చదవడం తేలికే గానీ, అది ఎక్కడ విఫలమవుతుందో స్వయంగా చూస్తేనే నియమం పట్టుబడుతుంది.

ముందుగా టెర్మినల్‌లో రస్ట్‌సీ (rustc, రస్ట్ కంపైలర్) ఆదేశానికి ఎక్స్‌ప్లెయిన్ (--explain) ఆప్షన్‌తో ఆ ఎర్రర్ సంఖ్యను ఇవ్వండి; తప్పు కోడ్, దాన్ని సరిదిద్దే మార్గాలు వివరంగా కనిపిస్తాయి. తరువాత స్టాండర్డ్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో వెక్ (Vec, అంటే వెక్టర్ అనే విలువల జాబితా) పేజీ తెరవండి. అక్కడి ఉదాహరణలను డాక్ టెస్టులుగా కంపైల్ చేసి నడిపి చూస్తారు కనుక, అవి పాతబడి తప్పుదారి పట్టించే ప్రమాదం తక్కువ. కొత్తవారికి ఇంతకంటే పెద్ద మేలు లేదని నా నమ్మకం.

ఒక ఉదాహరణను కాపీ చేయకుండా టైప్ చేసి, వెక్టర్‌ను ఫంక్షన్‌కు పంపిన తరువాత మళ్ళీ వాడి, కావాలనే ఎర్రర్ రప్పించి, అప్పుడు ఆంపర్‌సాండ్ (&) గుర్తుతో రిఫరెన్స్ (యాజమాన్యం వదులుకోకుండా ఇచ్చే అరువు) పంపి సరిచేయండి. విలువకు నకలు తీసే క్లోన్‌ను మాత్రం చివరి మార్గంగా ఉంచుకోండి.