రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఫైబర్ కేబుల్‌ను నెట్ ఆగకుండా ఎలా మారుస్తారు?

హన్మకొండలో రోడ్డు వెడల్పు చేస్తే కింద నడుస్తున్న ఫైబర్‌ను పక్కకు ఎలా జరుపుతారని అడిగారు కదా. సాధారణంగా పాత కేబుల్‌ను జరపరు. కొత్త దారిలో డక్ట్ (కేబుల్ వెళ్లే పైపు) వేసి, కొత్త కేబుల్ లాగి, ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి కాంతి పంపి ఎక్కడ లోపముందో చూపే పరికరం) పరీక్షించి, అంతా బాగుందని తేలాకే పాతదాన్ని ముట్టుకుంటారు.

మార్పిడి అర్ధరాత్రి దాటాక, వాడకం తక్కువున్నప్పుడు చేస్తారు. రింగ్ నెట్‌వర్క్ (రెండు వైపుల నుంచీ దారి ఉండే వలయం) అయితే ముందే ట్రాఫిక్‌ను రెండో వైపు తిప్పేస్తారు కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు, రింగ్ లేకపోతే మాత్రం కొన్ని నిమిషాలు నెట్ పోక తప్పదు.

అసలు ప్రమాదం తప్పు ఫైబర్ కోయడంలో ఉంది. కేబుల్ లోపలి ఒక్కో ట్యూబులో సాధారణంగా 12 రంగుల ఫైబర్లుంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, అలా. అలాంటి 48 ఫైబర్ల కేబుల్‌లో ట్యూబులు నాలుగు, అంటే నీలం ఫైబర్లు కూడా నాలుగు! ట్యూబు రంగు చూడకుండా కత్తెర పెడితే ఏ ఎంజీఎం ఆసుపత్రి లింకో తెగొచ్చు. అందుకే ఒక్కొక్కటే కోసి, ఆల్కహాల్‌తో తుడిచి, స్ప్లైస్ చేసి (కొత్త ఫైబర్‌తో అతికించి), అవతలి నుంచి ‘సిగ్నల్ వచ్చింది’ అని ఫోన్‌లో చెప్పాకే తర్వాతిది పట్టుకోవాలి. స్ప్లైస్ నష్టం (అతుకు దగ్గర తగ్గే కాంతి) 0.1 డీబీ (డెసిబెల్) దాటితే మళ్లీ చేయాల్సిందే.

ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి ఎప్పుడూ చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనబడదు గానీ కంటిని దెబ్బతీయగలదు. తెగిన గాజు ముక్కలు చర్మంలో దిగితే వెతికినా దొరకవు, వెంటనే మూత ఉన్న డబ్బాలో వేయండి. మ్యాన్‌హోల్ మూత తీయగానే లోపలికి దిగకండి, గాలి ఆడనిచ్చి, గ్యాస్ మీటర్‌తో చూసుకుని, పైన ఒక మనిషిని ఉంచాకే దిగండి.