సెయింట్ జాన్స్‌లో బయటికి ఎప్పుడు వెళ్లాలి?

"ఇక్కడ ఎప్పుడు చూసినా గాలీ వానే, బయటికి ఎప్పుడు వెళ్లాలండీ?" సెయింట్ జాన్స్‌లోని మెమోరియల్ యూనివర్సిటీలో చేరడానికి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వచ్చే మన పిల్లలు తరచూ అడిగే మాట ఇది. ఈరోజే వెళ్లండి. ఇక్కడ వాతావరణం గంటకోలా మారుతుంది. మంచి రోజు కోసం కాచుక్కూర్చుంటే సెమిస్టరు గడిచిపోతుంది.

కారు లేదని బెంగ వద్దు. క్యాంపస్ పక్కనే ఉన్న లాంగ్ పాండ్ నుంచి రెన్నీస్ రివర్ వెంట నడుచుకుంటూ పోతే క్విడి విడి చెరువు వస్తుంది. చుట్టూ దాదాపు 4 కిలోమీటర్ల చదునైన బాట. మొదటి వారాలకు అది చాలు.

తర్వాత సిగ్నల్ హిల్ ఎక్కండి. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ అవతలి నుంచి వైర్‌లెస్ సంకేతం అందుకున్న కొండ అది. చాలామంది కాబట్ టవర్ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు, అదే నాకు బాధ. అక్కణ్నుంచి కొండ అంచున మెట్లు దిగుతూ బ్యాటరీ అనే పేట దాకా వెళ్లే నార్త్ హెడ్ ట్రయల్ 1.7 కిలోమీటర్లే. ఒకచోట దారి బాగా ఇరుకు, రాతికి గొలుసు బిగించి ఉంటుంది. ఫోను జేబులో పెట్టి, గొలుసు పట్టుకుని నిదానంగా దాటండి. చివర్లో దారి ఒకరి ఇంటి వసారా మీదుగా పోతుంది, అక్కడ గొంతు తగ్గించండి. మంచు గడ్డకట్టే కాలంలో ఆ దారి జోలికే పోవద్దు.

గ్రీన్‌లాండ్‌ను పక్కన పెడితే, కేప్ స్పియర్ ఉత్తర అమెరికాకు తూర్పు కొస. సిటీ బస్సు లేదు, నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోండి. హెచ్చరిక బోర్డు దాటి రాళ్ల మీదికి మాత్రం దిగకండి. భీమిలిలో కెరటం ఇసుక మీద మెల్లగా పాకి కాళ్లు తడుపుతుంది. ఇక్కడ సముద్రం నిమ్మళంగా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా రాయిమీదికి విరుచుకుపడుతుంది. రాయి తడిగా, నల్లగా ఉందంటే కెరటం అందాకా వచ్చిందని లెక్క. ఉత్తరం నుంచి వచ్చే లాబ్రడార్ అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, ఈతగాడికైనా నిమిషాల్లో చేతులు ఆడవు.

డబ్బు పెట్టాల్సింది బూట్లకూ, గాలీ వానా ఆపే జాకెట్‌కూ. జీన్స్ వద్దు, తడిస్తే ఓ పట్టాన ఆరదు.

మే, జూన్‌లలో గ్రీన్‌లాండ్ వైపు నుంచి మంచుకొండలు తేలుతూ వస్తాయి. జూన్ చివర, జూలైలో మిడిల్ కోవ్ ఒడ్డుకు కేప్లిన్ చేపలు గుడ్లు పెట్టడానికి గుట్టలుగా కొట్టుకొస్తాయి, వాటి వెనకే తిమింగలాలు! టికెట్ లేకుండా ఒడ్డున నిలబడి చూడొచ్చు. పఫిన్ పిట్టల కోసం బే బుల్స్ అనే ఊళ్లో పడవ ఎక్కండి. శరత్కాలంలో కొండల మీద పార్ట్రిడ్జ్‌బెర్రీలు కోసుకోండి. పుల్లగా ఉంటాయి, పప్పులోకి బాగుంటాయి.

ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రూమ్మేట్‌కు మెసేజ్ పెట్టి బయల్దేరండి. వేసవిలో ఇండియా మనకంటే 8 గంటలు ముందుంటుంది, సాయంత్రం 5కు మీరు ట్రయల్ మీదుంటే అమ్మ నిద్రలో ఉంటుంది.