ఒకే టెక్స్ట్‌బాక్స్‌ను రెండు ఫామ్‌లలో చూపించవచ్చా?

విండోస్ ఫామ్స్‌లో (డాట్‌నెట్‌లో విండోస్ యాప్‌ల స్క్రీన్‌లు తయారుచేసే లైబ్రరీ) ఒక టెక్స్ట్‌బాక్స్‌ను రెండో ఫామ్‌కు కూడా యాడ్ చేస్తే మొదటి ఫామ్‌లో ఎందుకు మాయమవుతోందని అడిగారు. అది బగ్ కాదు. ప్రతి కంట్రోల్‌కూ (టెక్స్ట్‌బాక్స్, బటన్ లాంటివి) ఒకే పేరెంట్, అంటే దాన్ని పెట్టిన ఫామ్ లేదా ప్యానెల్, ఉంటుంది. రెండోచోట యాడ్ చేయగానే విండోస్ ఫామ్స్ దాన్ని మొదటి దాంట్లోంచి తీసేస్తుంది. చెప్పాపెట్టకుండా ఇలా జరగడం వల్లే కొత్తవాళ్లకు టెన్షన్. ఆండ్రాయిడ్ నయం, ఈ వ్యూకి (అక్కడ కంట్రోల్‌ను వ్యూ అంటారు) ఇప్పటికే పేరెంట్ ఉందని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

రెండు ఫామ్‌ల మధ్య డేటాను మాత్రమే పంచుకోండి. టెక్స్ట్‌బాక్స్ ఉన్న భాగాన్ని యూజర్‌కంట్రోల్‌గా (కొన్ని కంట్రోల్స్ కలిపి మనమే చేసుకునే కంట్రోల్) రాసి, ఒక్కో ఫామ్‌లో విడిగా ఒక్కోటి పెట్టండి. రెండింటినీ ఒకే మోడల్ ఆబ్జెక్ట్‌కు (డేటాను దాచుకునే ఆబ్జెక్ట్) బైండ్ చేయండి, అంటే ముడిపెట్టండి. కోడ్‌లో విలువ మార్చినా రెండుచోట్లా కనిపించాలంటే ఆ మోడల్ క్లాస్‌లో ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్ (విలువ మారిందని కబురు చేసే ఇంటర్‌ఫేస్) రాయండి. ఇంకొకటి: టైప్ చేసింది మామూలుగా ఫోకస్ మారాకే మోడల్‌కు చేరుతుంది. వెంటనే చేరాలంటే బైండింగ్‌లోని డేటాసోర్స్‌అప్‌డేట్‌మోడ్ అనే సెట్టింగ్‌ను ఆన్‌ప్రాపర్టీఛేంజ్డ్‌గా పెట్టండి.